రెండో మంచం

ఇటలీ ఉత్తరపు కొండల్లో, ఇటాలియనూ జర్మనూ రెండూ నడిచే ఊరు మాది. డిసెంబరు వచ్చిందంటే మా బొల్జానోలో మనుషులకంటే సూట్‌కేసులే ఎక్కువ కనిపిస్తాయి. క్రిస్మస్ సంత చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో దిగుతారు. ఆ రోజుల్లో ఎవరైనా చవకలో గది కావాలని అడిగితే మాకు నవ్వూ జాలీ కలిసి వస్తాయి.

రోస్వితా, ఎల్వియో దంపతుల బస కమానుల వీధి వెనక సందులో ఉంది. పడకా, పొద్దున్నే టిఫినూ, అంతే. భోజనం ఎవరిది వాళ్ళు చూసుకోవాలి. ఆవిడ జర్మన్‌లో మాట్లాడుతుంది, ఆయన ఇటాలియన్‌లో జవాబు చెప్తాడు. ఇంత కాపురంలోనూ ఎవరి భాష వాళ్ళు వదల్లేదు. అవతలివాళ్ళు అన్నది అర్థం కాకపోయుంటే బాగుండేదని మాత్రం ఇద్దరూ అప్పుడప్పుడూ అనుకుంటారు.

ఆ రోజు పొద్దున్న రోస్వితా రొట్టె కోస్తుంటే ఫోన్ మోగింది. స్కియో అనే ఊరి నుంచి ఒర్నెల్లా అనే ఆవిడ. మాట్లాడేది ఇటాలియన్.

"గది ఉందా అండీ? అన్నిటికంటే చవకది."

"ఇవాళ్టికి ఏమీ లేదమ్మా."

"ఇవాళ్టికి కాదు, వచ్చే బుధవారానికి. ఒక్క రాత్రికి, ఒక్కదాన్నే."

"బుధవారానికా?" రోస్వితా మెట్ల గోడ మీద చెయ్యి వేసి చూసింది. గోడ వెచ్చగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. "బుధవారానికి పుట్టొచ్చు. ఇల్లు నిండు నెలల్లో ఉంది."

"కిటికీ ఉంటుందా?"

"అది ఇప్పుడే ఎలా చెప్తానే తల్లీ! పోయినేడాది పుట్టినదానికి రెండు కిటికీలు, తలుపు లేదు. మా ఆయన నిచ్చెన వేశాడు."

సంత రోజుల్లో ఆ ఇల్లు అలా ఒక గది ఈనుతుంది. నిజంగా చోటు దొరకనివాళ్ళు ఉంటేనే. పండగలయ్యాక అది మెల్లగా ముడుచుకుని గోడలో కలిసిపోతుంది. పక్కింటి దర్జీ తన ఇంటిని చూపించి, "ఇదీ ఉంది చూడు, తిండి దండగ, ఒక్క అల్మరా కూడా పెట్టలేదు," అని విసుక్కుంటూ ఉంటాడు.

ఒర్నెల్లా బేరం మొదలుపెట్టింది. తువ్వాలు తనే తెచ్చుకుంటానంది. దుప్పటి కూడా తెచ్చుకుంటానంది. టిఫిన్ మానేస్తే ఏమైనా తగ్గిస్తారా అంది.

"తగ్గించను. ఇంతకీ ఏం పని మీద వస్తున్నావు?"

"పరీక్ష అండీ. రెండు భాషల పరీక్ష."

"పరీక్షకి ఖాళీ కడుపుతో పోతావా? తిని పోవాల్సిందే," అని రోస్వితా టక్కున జర్మన్‌లోకి మారిపోయింది. "ఏదీ, నీ జర్మన్ ఎలా ఉందో చూద్దాం. అక్కడ మంచు పడుతోందా?"

రోస్వితా ఫోన్ రెండో చెవికి మార్చింది.

"హలో? లైన్ కట్టయిందా?"

"లేదండీ," అంది ఒర్నెల్లా ఇటాలియన్‌లో. "నా నోరే కట్టయింది."

ఆవిడ గోడు అదే. పన్నెండేళ్ళుగా వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్ళకు సేవ చేస్తోంది. ఎక్కడా నిలకడ ఉద్యోగం లేదు. మూణ్ణెల్లు ఇక్కడ, మూణ్ణెల్లు అక్కడ. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. మా ఊరి వృద్ధాశ్రమం ఒకటి పర్మనెంటుగా తీసుకుంటామంది, కానీ కొత్త సంవత్సరం లోపల రెండు భాషల పరీక్ష ప్యాసయి చూపించాలంది. మా దగ్గర అది లేనిదే ఆ ఉద్యోగాలు రావు. రాతపరీక్ష సునాయాసంగా గట్టెక్కింది. నోటి పరీక్ష రెండుసార్లు పోయింది. ఎదురుగా పరీక్ష పెట్టేవాళ్ళు కూర్చుని మొహంలోకి చూస్తే నేర్చుకున్న జర్మనంతా ఆవిరైపోతుంది. ఇది మూడోసారి, ఆఖరుసారి కూడా. అంత ముఖ్యమైన తేదీని సరిగ్గా సంత వారంలో పెట్టారు మావాళ్ళు. పెట్టినవాళ్ళకి గదులు వెతుక్కోవాల్సిన పని లేదుగా.

బుధవారం తెల్లవారేసరికి రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య గది పుట్టింది. ఎల్వియో గడప తుడిచి, తలుపు కిర్రుమంటుంటే నూనె వేశాడు. గోడల సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. లోపలంతా అప్పుడే కోసిన పైన్ చెక్క వాసన. కిటికీ కూడా ఉంది, కొండలవైపు. మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన ఒర్నెల్లాని రోస్వితా పైకి తీసుకెళ్ళి తలుపు తీసింది. ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు.

లోపల రెండు మంచాలు ఉన్నాయి.

"ఒక్కదాన్నే అన్నావుగా?"

"ఒక్కదాన్నేనండీ."

"మా ఇంటికి ఇంతవరకూ లెక్క తప్పలేదమ్మాయ్. నిజం చెప్పు, ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రారు! నాకెవరున్నారు రావడానికి?" ఆ మాట అన్నాక ఒర్నెల్లాకి తన గొంతు తనకే నచ్చలేదు.

వెనకనుంచి ఎల్వియో తొంగిచూశాడు. "ఎవడో గానీ కాస్త ముదురులాగే ఉన్నాడు. మంచానికి కమ్మీలు కూడా పుట్టాయి."

"నీ మొహం, ఊరుకో," అంది రోస్వితా. తర్వాత ఒర్నెల్లా కళ్ళలో బెంగ చూసి, "పడుకున్న మంచానికే డబ్బు. రెండోదాని సంగతి ఇల్లూ నేనూ చూసుకుంటాం," అంది.

వాళ్ళు వెళ్ళాక ఒర్నెల్లా రెండో మంచం చుట్టూ తిరిగింది. కురచ మంచం. రెండు పక్కలా కమ్మీలు, దుప్పటి కింద రబ్బరు షీటు, లేచి కూర్చోవడానికి పైనుంచి వేలాడే పట్టీ. అలాంటి మంచాలు ఆవిడకు కొత్త కాదు. కమ్మీ ఎత్తి దించింది, గడియ సరిగ్గా పడింది. పుస్తకం తెరిచి చదువుకుందామంటే చూపు పదేపదే ఆ మంచం మీదికే పోతోంది. ఎవరై ఉంటారు? చివరికి పుస్తకం మూసి, పరీక్ష హాలు ఎక్కడుందో చూసి వద్దామని కోటు తొడుక్కుని బయటపడింది.

కమానుల వీధి చివర సంతలో చిన్న గొడవ జరుగుతోంది. తేనె బిస్కెట్లు అమ్ముకునే అతను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అతని కుర్చీలో ఒక ముసలావిడ దర్జాగా కూర్చుంది. ఒళ్ళో సంచీ నిండా ఊలు మేజోళ్ళు. కాళ్ళకు మాత్రం ఇంట్లో వేసుకునే గుడ్డ చెప్పులు, మంచులో తడిసి ముద్దయ్యాయి.

"అవ్వా, ఇది నా కొట్టు!"

"నీ తాత పుట్టకముందు నుంచీ ఇది నా చోటు. అవతలికి పో!"

ఒర్నెల్లా ముందు చూసింది కాళ్ళనే. జనం మధ్యలోంచి దూరి, మోకాళ్ళ మీద కూర్చుని, ఏమీ ఆలోచించకుండా జర్మన్‌లో అడిగేసింది. "కాళ్ళకు చలి వేయట్లేదా అవ్వా?"

ముసలావిడ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "వేస్తోంది. ఇందాకటి నుంచీ ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు," అని చెయ్యి చాపింది. ఒర్నెల్లా ఆ చెయ్యి పట్టుకుంది. అవ్వ మరి వదల్లేదు.

బసలో అడుగుపెట్టగానే రోస్వితా గుర్తుపట్టింది. "అయ్యో, రిట్టెన్ కొండమీది క్రెసెన్స్ అవ్వ! మా అమ్మ ఈవిడ దగ్గరే మేజోళ్ళు కొనేది." అవ్వ కొట్టు ఎత్తేసి ఏళ్ళయింది. మతిమరుపు వచ్చాక సంత రోజులు మాత్రం ఎలా గుర్తున్నాయో, ఎవరికీ చెప్పకుండా రోప్‌వే ఎక్కి దిగొచ్చేసింది.

రోస్వితా అవ్వ కొడుక్కి ఫోన్ చేసింది. కొడుకు లుయిస్ గొంతులో ఏడుపూ ఆయాసమూ కలిసి వచ్చాయి. "దొరికిందా! దేవుడు చల్లగా చూడాలి మిమ్మల్ని. ఇక్కడ ఆవు ఈనుతోందండీ, దూడ కాళ్ళు బయటికొచ్చాయి, వదిలి రాలేను. గాలికి రోప్‌వే ఆపేశారు, రోడ్డంతా గడ్డ కట్టింది. పొద్దున్నే వచ్చేస్తా, అమ్మని ఈ ఒక్క రాత్రికి..."

"ఆవు సంగతి చూసుకో. ఇక్కడ మంచం ఉంది," అంది రోస్వితా. ఎల్వియో అప్పటికే వేడినీళ్ళ బకెట్టుతో మెట్లెక్కుతున్నాడు.

ఒకప్పుడు సిపాయిలకు మేజోళ్ళు అమ్మిన రోజుల్లో క్రెసెన్స్ అవ్వ ఇటాలియన్ దంచేసేదట. ఇప్పుడది పూర్తిగా పోయింది. చిన్నప్పుడు కొండమీద మాట్లాడిన జర్మన్ ఒక్కటే మిగిలింది. పుస్తకాల్లో ఉండే జర్మన్ వేరు, కొండమీద జర్మన్ వేరు. సగం మాటలు ఒర్నెల్లాకి తెలియనే తెలియవు. అయినా కాళ్ళు కడుగుతూ, బార్లీ సూపు తాగిస్తూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ముసలివాళ్ళతో చేతులు పనిచేస్తుంటే నోరు ఊరుకోకూడదని ఆవిడకు అలవాటు.

"ఎందుకొచ్చావే పిల్లా, ఈ చలిలో?" అని అడిగింది అవ్వ.

ఒర్నెల్లా తడబడుతూ చెప్పింది. పరీక్ష, ఉద్యోగం, మొగుడు వదిలేసి పోయిన సంగతి. అవ్వ అంతా విని, "వాడు కుంటి గాడిద," అని తీర్పు చెప్పింది. కాసేపయ్యాక మళ్ళీ అడిగింది. "ఎందుకొచ్చావే పిల్లా?" అంతా మర్చిపోయింది. ఒర్నెల్లా మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి కొంచెం నయం. అవ్వ మర్చిపోయిన ప్రతిసారీ కథ మళ్ళీ మొదలైంది. చెప్పగా చెప్పగా అది పొడుగెక్కింది, మధ్యలో అత్తగారు కూడా వచ్చింది, నవ్వులొచ్చాయి. ఒక్కసారైనా అవ్వ తప్పు దిద్దలేదు. రెండో మంచం మీదికి ఎక్కించి కమ్మీ వేసినా అవ్వ ఒర్నెల్లా చెయ్యి మాత్రం వదల్లేదు.

తెల్లారింది. గాలి తగ్గలేదు. దూడ పుట్టింది గానీ, లుయిస్ మధ్యాహ్నానికి గానీ రాలేనన్నాడు. పరీక్ష తొమ్మిదింటికి.

"నువ్వెళ్ళమ్మా, నేను చూసుకుంటా," అని రోస్వితా అవ్వ చేతిని మెల్లగా విడదీయబోయింది. అవ్వ గుడ్డ చెప్పు తీసి ఆవిడ మీదికి విసిరింది. ఇల్లు అదిరిపోయేలా అరిచింది. ఒర్నెల్లా రెండడుగులు వేస్తే ఆ అరుపు ఏడుపయింది, పసిపిల్ల ఏడుపు.

ఒర్నెల్లాకి కూడా ఏడుపొచ్చింది. ఇది పోతే ఇంక ఉద్యోగం లేదు. మళ్ళీ మూణ్ణెల్ల బతుకే. ఆవిడకు కోపం వచ్చింది, అవ్వ మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం. గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"మీ బూట్లు ఒకసారి ఇస్తారా అండీ? అవ్వకి."

పరీక్ష హాలు గుమాస్తా అడ్డుపడ్డాడు. "లోపలికి ఒక్కరే వెళ్ళాలి."

"పరీక్ష నాది. ఈవిడ నా చెయ్యి పట్టుకుంటుంది, అంతే."

గుమాస్తా లోపలికి వెళ్ళి అడిగి వచ్చి, తలుపు తీసి పట్టుకున్నాడు. బల్ల వెనక ఇద్దరున్నారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, నెరిసిన గడ్డం ఆయన. అవ్వకు కూడా ఒక కుర్చీ వేశారు. కళ్ళజోడావిడ జర్మన్‌లో ప్రశ్న వేసింది. ఆశ్రమంలో ఒక పెద్దాయన రెండు రోజులుగా అన్నం ముట్టట్లేదు, మీరేం చేస్తారు?

ఒర్నెల్లా నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఎదురుగా రెండు జతల కళ్ళు, రెండు కలాలు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. కళ్ళజోడావిడ ప్రశ్న మళ్ళీ మెల్లగా చదివింది.

అవ్వకి విసుగొచ్చింది. చెయ్యి పట్టి గుంజింది. "ఏమంటోందే ఆవిడ?"

ఒర్నెల్లా అవ్వవైపు తిరిగింది. "ఒక తాత అన్నం తినట్లేదట అవ్వా. నేనేం చేస్తానో చెప్పమంటున్నారు."

"ఎందుకు తినట్లేదట?"

"అదే నేనూ ముందు అడుగుతాను. పళ్ళు నొప్పా, ఎవరైనా గుర్తొచ్చారా, కూర నచ్చలేదా అని. చాలాసార్లు ఆకలి లేక కాదు అవ్వా, ఒంటరిగా తినబుద్ధి కాక. అందుకని పక్కన కూర్చుంటాను, అదే గిన్నెలోంచి నేనూ రెండు చెంచాలు తింటాను."

"నిన్న నా సూపు తిన్నది నువ్వేనా?"

"నేనే. తినకపోతే మీరు ముట్టుకునేవారా?"

"దొంగముండ," అని నవ్వింది అవ్వ. "మరి వాడు అప్పటికీ తినకపోతే?"

ఒర్నెల్లా చెప్పింది. ఇంటివాళ్ళతో ఏం మాట్లాడుతుందో, డాక్టరును ఎప్పుడు పిలుస్తుందో, ఎప్పుడు ఊరుకుంటుందో అన్నీ చెప్పింది. అవ్వ అడుగుతూనే ఉంది, ఆవిడ చెబుతూనే ఉంది. బల్ల అవతల ఇద్దరూ ఎప్పుడో రాయడం మానేసి వింటున్నారు.

చివరికి గడ్డం ఆయన ముందుకు వంగి జర్మన్‌లో అడిగాడు. "అవ్వా, ఈవిడ మీకేమవుతుంది?"

క్రెసెన్స్ అవ్వ ఒర్నెల్లా మొహంలోకి చాలాసేపు చూసింది. పేరు కోసం వెతికి వదిలేసింది.

"మా పిల్లే," అంది. "మాట కాస్త నిదానం, అంతే. దాన్నేమీ అనకండయ్యా."

గడ్డం ఆయన ఒర్నెల్లా వైపు తిరిగాడు. "రెండో భాష కూడా చూడాలి కదా. అవ్వ ఇప్పుడేమందో ఇటాలియన్‌లో చెప్పండి."

అది ఒర్నెల్లా పుట్టి పెరిగిన భాష. నోరు తెరిచింది. "ఈవిడ... నేను..." అని ఆగిపోయింది. కళ్ళనీళ్ళు బుగ్గల మీదుగా కారిపోతుంటే ఆ చిన్న వాక్యం ఎంతకీ బయటికి రాలేదు.

"చాలమ్మా, చాలు," అన్నాడాయన. కలం తీసి, రెండు భాషల్లోనూ ప్యాసని రాశాడు.