తల ఊపే మీట

ఏడు తలల డ్రాగన్‌ని ఒంటిచేత్తో చంపినవాణ్ణి నేను. నమ్మకపోతే మీ ఇష్టం. నా వయసు డెబ్బై మూడు, చదువు ఊరి బడిలో అయిదో తరగతి, చేసిన పని కుట్టుమిషన్ల రిపేరు, రెండు మోకాళ్లకీ పట్టీలు. అయినా మంచుకొండ మీద ఆ జంతువు నెత్తిన కాలు పెట్టి నిలబడ్డ ఫొటో నా దగ్గర ఉంది.

కొండంటే నిజం కొండ కాదు, కంప్యూటర్లో ఆట. ఎక్కడెక్కడి జనమో అందులో తలో వేషం కట్టి, కత్తులు పట్టుకుని, ఒకే మాయాలోకంలో తిరుగుతుంటారు. మా ఆవిడ చెల్లెలు, అంటే నా మరదలు, కింది వాటాలో ఉంటుంది. స్కూలు ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైంది. తన పాత కంప్యూటర్ మా గదిలో పెట్టించి, ఆ ఆట ఎక్కించి, “గోడలు చూస్తూ కూర్చుంటే నీ బుర్ర కూడా పోతుంది బావా” అంది.

ఆ ‘కూడా’లో ఉంది సంగతంతా. మా ఆవిడకు మతి పోతోంది. రెండేళ్లుగా నేనెవరో ఆమెకు తెలియదు. ఫ్యాన్ బాగుచెయ్యడానికి వచ్చిన మనిషిననుకుంటుంది. “త్వరగా కానివ్వండి. మా ఆయన ఇంట్లో లేరు, చూసేవాళ్లకి బాగుండదు” అంటుంది. నేను స్టూలెక్కి, శుభ్రంగా తిరుగుతున్న ఫ్యాన్‌ని ఆపి, రెక్కలు తుడిచి దిగుతాను. అంత తళతళలాడే ఫ్యాన్ మా వీధి మొత్తంలో లేదు.

ఆటలో మన వేషం మనమే తయారుచేసుకోవాలి. నేను నా ముప్పయ్యో ఏటి మొహం పెట్టుకున్నాను. ఒత్తు జుట్టు, మెలితిప్పిన మీసం, భుజాల మీద గోధుమరంగు దుప్పటి. ముక్కు మాత్రం కాస్త చిన్నది పెట్టాను. అడిగి మరీ ఇస్తుంటే ఎవరు వదులుకుంటారు?

ఆట కాదది, స్వర్గం. నది ఒడ్డున గాలం వేసుకుని కూర్చుంటే నీటి మీద చినుకులు పడుతుంటాయి. లేచేటప్పుడు మోకాలు కలుక్కుమనదు. మొదటి వారమంతా చేపలూ లేవు, యుద్ధాలూ లేవు, పచ్చిక మీద ఆ కొసనుంచి ఈ కొసకి ఊరికే పరుగెత్తాను. తర్వాత గుర్రాన్ని సంపాదించి దానికి మరదలి చిన్ననాటి ముద్దుపేరు పెట్టాను. అది తెలిసి ఆవిడ వారం రోజులు మా మెట్లెక్కలేదు.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. తెర దగ్గరికి వంగి చూసింది.

“ఏమండీ, అలా వానలో తడుస్తున్నారేంటి?”

రెండేళ్ల తర్వాత విన్నాను ఆ ‘ఏమండీ’. అన్నది నన్ను కాదు, తెరలో ఉన్నవాణ్ణి.

కీబోర్డులో ఒక మీట నొక్కితే వాడు తల ఊపుతాడు. నొక్కాను.

“తల ఊపడం కాదు, ఆ చెట్టు కిందికి పదండి” అంది. తీసుకెళ్లాను.

ఆనాటినుంచి అదే మా సంసారం. “భోంచేశారా?” మీట. “చెల్లికి ఒంట్లో బాగాలేదన్నాను, చూసొచ్చారా?” మీట. నలభై ఆరేళ్ల కాపురంలో నేను ఆమె మాటకి అన్నిసార్లు తల ఊపలేదు. మరదలు చూసి, “ఆ మీటేదో ముందే బిగించి ఉంటే మా అక్క సుఖపడేది” అంది.

కుళ్లుకోలేదని చెప్పను. నా మొహం తగిలించుకుని వాడు నా పెళ్లాంతో కబుర్లాడుతుంటే, పక్కన కూర్చుని వాడికి చాకిరీ చేసేది నేను.

ఒకసారి ఆకుపచ్చ గౌను వేసుకున్న విలుకత్తె ఒకతి వచ్చి, మా జట్టులో కలుస్తావా అన్నట్టు చెయ్యి ఊపింది. మా ఆవిడ మొహం మాడిపోయింది.

“ఎవతండీ అది? మీకు తెలిసిందేనా?”

అలవాటుకొద్దీ మీట నొక్కేశాను. తల ఊపాడు వెధవ.

“ఓహో, పైగా ఒప్పుకుంటున్నారా!”

మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరు పిలిచినా నేను ఏ జట్టులోనూ చేరలేదు. అక్కడివాళ్లు నన్ను ఒంటరిపక్షి అనుకుని ఉంటారు. ఆ లోకంలో పెళ్లానికి భయపడి బతికినవాణ్ణి నేనొక్కణ్ణే.

కత్తి దూసినా ఊరుకునేది కాదు. “లోపల పెట్టండి, ఎవరికైనా తగులుతుంది” అనేది. కాబట్టి డ్రాగన్ సంగతి కూడా ఇక్కడే కక్కేస్తాను. దాన్ని చంపింది నేను కాదు. నలభైమంది కలిసి చంపి, వాళ్ల దారిన వాళ్లు పోయారు. చచ్చినదాని మీద కాలు పెట్టి ఫొటో తీసుకున్నాను నేను. అదీ మా ఆవిడ కునుకు తీస్తున్నప్పుడు.

ఒకరోజు తెర మీద నోటీసు పడింది. నాకు రాని భాష. మరదలు కళ్లజోడు సర్దుకుని చదివింది.

“ఆడేవాళ్లు తగ్గిపోయారట బావా. మూసేస్తున్నారు.”

“ఏది, ఆ నది ఒడ్డు ఊరా?”

“మొత్తం లోకమే. నెలాఖరు రోజు, మధ్యాహ్నం మూడింటికి.”

“మళ్లీ ఎప్పుడు తెరుస్తారట?”

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

మూడింటికి వాడు పోతే, మా ఆవిడ ‘ఏమండీ’ అని పిలుచుకోవడానికి ఈ భూమ్మీద మనిషి ఉండడు. నేనున్నాను గానీ, నన్ను ఎవరు పట్టించుకుంటారు?

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. వాడికి నది ఒడ్డున చిన్న ఇల్లుంది. మూడు కావస్తుండగా వాడు ఆ ఇంట్లోకి దూరాలి. అదే నిమిషంలో నేను మా గుమ్మంలోంచి లోపలికి రావాలి. ఆ తలుపులో వెళ్లినవాడు ఈ తలుపులోంచి వచ్చాడనుకుంటుంది.

“నీకూ పోయింది బావా బుర్ర” అంది మరదలు. మర్నాడే మీసానికి రంగు పట్టుకొచ్చింది. “కదలకు. ముక్కుకి అంటిందంటే నల్లముక్కు మొగుడొచ్చాడని అక్క కేకలేస్తుంది.” మా గోధుమరంగు దుప్పటి నా భుజాలకి పిన్నీసులతో గుచ్చింది.

ఆ రోజు నేను బయట మెట్ల మీద, మరదలు మీటల దగ్గర. తలుపు సందులోంచి చూస్తున్నాను. మరదలు వాణ్ణి గోడకేసి కొట్టింది, నదిలో ముంచింది, గుర్రం వెనక్కి తోలింది.

“ఎటు పోతున్నారండీ, తాగారా?” అంది మా ఆవిడ.

మూడుకు రెండు నిమిషాలుందనగా వాడు ఎలాగో తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

“హమ్మయ్య” అంది మా ఆవిడ. “ఇల్లు చేరారు.”

నేను మా తలుపు తోశాను.

ఆమె ఇటు తిరిగింది. మీసం చూసింది. దుప్పటి చూసింది. లేచి నిలబడింది.

“వచ్చేశాను” అన్నాను.

నా దగ్గరికి వచ్చింది. బాగా దగ్గరికి. గొంతు తగ్గించి, “ఎవరు కావాలండీ? మా ఆయన ఇప్పుడే ఇంటికొచ్చారు. బాగా అలిసిపోయి ఉన్నారు, రేపు రండి” అంది. ఎంతో మర్యాదగా నా మొహం మీద తలుపు వేసింది.

లోపల గడియారం మూడు కొట్టింది. కాసేపటికి మరదలు తలుపు తీసింది. తెర నల్లగా ఉంది. మా ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుని, “దీపం ఆర్పుకుని పడుకున్నారు, లేపకండి” అంది.

ఇది జరిగి అయిదు నెలలైంది. ఆమె ఇప్పుడు ఎవర్నీ ఏమీ అడగడం లేదు. త్వరగా కానివ్వమని నన్నూ అనడం లేదు. రంగు పోయి మీసం మళ్లీ తెల్లబడింది.

చెప్పినదాంట్లో ఒకటి నేను అల్లింది. గుర్రం పేరు నిజమే, కావాలంటే మరదల్ని అడగండి. నా మొహం మీద తలుపు వేసిందీ నిజమే. దీపం మాట మాత్రం మా ఆవిడ అనలేదు. నేను లోపలికి వచ్చేసరికి తెర వైపు కూడా చూడకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. “తెర ఆరిపోయినప్పుడు అక్క ఏమంది?” అని మరదల్ని అడిగాను.

“ఏమీ అనలేదు బావా” అంది.