మంచు కొట్టే నల్లప్ప

మూడో ప్లాస్టిక్ సీసాను గుడ్డలో చుట్టి బండ మీద పెట్టి, నల్లప్ప చింతకర్ర సుత్తి ఎత్తాడు. లోపలున్నది గడ్డకట్టిన సెలైను. సీసా చిట్లకుండా ఆ గడ్డ వెన్నలా మెత్తబడాలి. చిన్నప్పుడు గార్లదిన్నె పక్క పల్లెలో, విత్తనానికి వేరుశనగకాయలు కొట్టేటప్పుడు అమ్మ నేర్పిన దెబ్బే ఇది. పొట్టు పగలాలి, గింజ మీది ఎర్రపొర చెదరకూడదు. ఆ ఒక్క దెబ్బతోనే ఈ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాడు.

ఆపరేషన్‌కు గుండెను కాసేపు నిలిపేస్తారు. చల్లటి మందు ఎక్కించి చుట్టూ ఈ మంచు సర్దితే, నెత్తురు అందకపోయినా దాని కండ చావకుండా నిద్రపోతుంది. నలగని మంచు పలుకు ఒక్కటి మిగిలి, గుండె పక్కనే ఊపిరిని ఆడించే నరానికి తగిలితే మాత్రం కష్టం.

పొద్దున ఆపరేషన్ గదిలోకి పోతూ, ధర్మవరంలో మగ్గం నేసే జ్యోతిలక్ష్మి స్ట్రెచర్ మీదనుంచే అతని చొక్కా పట్టుకుంది.

"గుండె నిలిపేస్తారంట గదా పెదనాయనా. మళ్లా కొట్టుకుంటాదా?"

"కొట్టుకోక యాడికి పోతాది తల్లీ! విత్తనం మాదిరి పండుకోనుంటాది, అంతే."

అనేశాడు గానీ, తన వేళ్ల సంగతి ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు. మంచులో నాని నాని అవి మొద్దుబారాయి.

సీసాను వత్తి చూశాడు. మెత్తగానే ఉందనిపించింది. మనసొప్పక చెంపకు ఆనించి దొర్లించాడు. శనగగింజంత పలుకు గుచ్చుకుంది. ముందు రెండు సీసాలూ అప్పటికే లోపలికి పోయాయి.

పరుగున పోయి ఆపరేషన్ గది తలుపు కొట్టాడు. నర్సు సారా తొంగిచూసింది.

"ఏమప్పా?"

"ఆ రెండూ వాడొద్దు సిస్టరమ్మా. నా వేళ్లకు ఏమీ తెలీడంల్యా."

సారా వెంటనే రెండూ తెచ్చిచ్చింది. ఒకదాంట్లో పలుకు ఉండనే ఉంది. నల్లప్ప మూడింటినీ మళ్లీ కొట్టి, ఒక్కొక్కటే చెంపకు ఆనించి చూసి ఇచ్చాడు. ఆ తర్వాత తలుపు దగ్గరే కూర్చున్నాడు, టీకి కూడా లేవలేదు.

మధ్యాహ్నం సారా మాస్కు కిందికి లాగి బయటికొచ్చింది.

"కొట్టుకుంటాండాదన్నా. దానంతట అదే లేసింది."

నల్లప్ప ఏడ్చేశాడు. కళ్లు తుడుచుకుని, రేపటినుంచి ఇంకెవరినైనా పెట్టుకోమన్నాడు.

"చెంపతో చూసుకుంటే పోలేదా?"

"ఇదీ మొద్దుబారితే నాకెట్ల తెలుస్తాదమ్మా?"

సాయంత్రం బస్సుకు అతను మామూలుగానే వెళ్లిపోయాడు, టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ. బండ మీద చింతకర్ర సుత్తి ఉంది, ముప్పై ఏళ్లు పట్టుకున్న చోట పిడి నాలుగు వేళ్ల మేర అరిగి, ఇంకా తడిగా.