దేవుడి పక్కన పెట్టిన ఫోను

ఆ బూడిదరంగు ప్యాంటు నడుము దగ్గర ఎంత వదలమన్నాడో, ఆ లావుపాటి మనిషి ట్రయల్ రూము తలుపు సందులోంచి చెయ్యి ఒక్కటే బయటపెట్టి వేళ్ళతో చూపించాడు, నేనేమో సరే బాబూ అని సుద్దతో గీత పెట్టేశాను, రేపు విప్పదీసే ముందు ఇంకోసారి కనుక్కోవాలి, కనుక్కుంటే కటింగ్ మాస్టారు ఊరుకోడు, ఏమ్మా, కొలతలు కూడా పైవాడే వచ్చి చెప్పాలా నీకు అని ఇందాకే అన్నాడు, ఇవాళ అందరూ ఎందుకో ఆ పైవాడి మీదే పడ్డారు, పొద్దున క్యాష్ కౌంటరు పిల్ల కూడా అంతే, ఏం ఆంటీ, దేవుడికి ఇవాళ క్లాసు పీకారా లేదా అని అడిగి పక్క పిల్ల భుజం మీద పడి నవ్వింది, నేనూ నవ్వాను, ఎందుకు నవ్వుతున్నారో తెలియనప్పుడు కలిసి నవ్వేస్తే మర్యాదగా ఉంటుంది, బస్సులో ఈ వేళకి కిటికీ సీటు దొరికింది, అదే పదివేలు, రోజంతా మిషను తొక్కిన కాళ్ళు కాస్త చాపుకోవచ్చు, ముందు సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకే ఫోను మీదికి తలలు వంచి ఏదో వింటున్నారు, ఎవరో పెద్దావిడ గొంతు, జలుబు చేసినట్టు ముక్కుతో మాట్లాడుతోంది, ఎవరినో విసుక్కుంటోంది, పాపం ఇంట్లో ఎవరూ మాట వినరేమో, అసలు వింటున్నావా లేదా చెప్పు, నేను స్టవ్వు మీద గిన్నె పెట్టి వచ్చాను, నీకైతే పనేం లేదు గానీ నాకు షాపుకి టైమవుతోంది అంటోంది, నేను కూడా అచ్చం ఇలాగే, అనుకుంటూ ఉండగానే ఆవిడ తండ్రీ అంది, ఆ పిలుపుతో నా చేతిలో టికెట్టు జారిపోయింది.

గొంతు నాదని తెలియలేదు, మన గొంతు మనకు బయటినుంచి వినపడదు కదా, మాటల్ని బట్టి తెలిసింది, నా మాటలే, మా వంటింటి మూల దేవుణ్ణి పెట్టుకున్న చిన్న అల్మరా ముందు కూర్చుని పొద్దున్నే నేను ఆయనతో చెప్పుకునేవి, మా ఇంటాయన పోయాక ఇంట్లో గట్టిగా మాట్లాడటానికి మనిషి లేక అలా మొదలైంది, మంత్రాలూ శ్లోకాలూ నాకు నోరు తిరగవు, పక్కింటి వాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడతాను, మోకాలు నొప్పి, నీళ్ళు రాకపోవడం, కింద వాటాలో ఆవిడ నామీద వేసిన నింద, అన్నీ, అడగడం తక్కువ, దెబ్బలాడటం ఎక్కువ, ఆ ఫోనులో నా మాట ఇంకా నడుస్తోంది, వెనకాల సన్నగా వీణలాంటిదేదో వాయిస్తున్నారు, నా కూతురు మనసు కాస్త మెత్తబరచు తండ్రీ, పక్క గదిలోనే ఉండి కూరలో ఉప్పెక్కువైందని నాకు మెసేజ్ పెడుతుంది, ఆ మాట ముఖం మీద అనడానికి కూడా లేచి రాదు, అక్కడ ఆ పిల్లలు పగలబడి నవ్వారు, ఒకతె నా గొంతుతోనే ఉప్పెక్కువైందని అని సాగదీసింది, రెండోది ఉండవే, అసలుది ఇప్పుడొస్తుంది అంది, నాకు తెలుసు అసలుదేమిటో, చెవులు మూసుకోవాలనిపించింది, దానికి నేనంటే ఇష్టం లేదేమోనని భయంగా ఉంది, నా బిడ్డంటే నాకే భయమేస్తోంది, ఈ మాట ఇంకెవరితో అనను నీతో తప్ప, నేనే అంటున్నాను, కిటికీ పక్కన నోరు మూసుకుని కూర్చుని ముందు సీట్లోంచి అంటున్నాను, ఆ పిల్లలు నవ్వడం ఆపారు, అయ్యో పాపం కదే అని ఒకతె వేలితో పైకి తోసేసింది, తర్వాత ఏదో కుక్కపిల్ల మెట్లు దిగుతోంది.

అమ్మా అది నేనే అని భుజం తట్టి చెబుదామనుకున్నాను, చెప్తే ఏం చేస్తారు, సెల్ఫీ అడుగుతారు, నా పక్కన తల పెట్టి నవ్వుతారు, మరి ఎవరు తీశారు, ఆ సమయంలో వంటింట్లో నేనూ ఆయనా తప్ప, అమ్మాయి ఆ వేళకి లేవదు కూడా, అప్పుడు గుర్తొచ్చింది ఫోను, ఈమధ్య రాత్రి పడుకునే ముందు తన ఫోను తెచ్చి అల్మరా పక్క ప్లగ్గుకి ఛార్జింగు పెడుతోంది, తన గదిలో ప్లగ్గు లూజైందని చెప్పింది, నేను ఎంత సంబరపడ్డానో, దేవుడి గడప తొక్కని పిల్ల, కనీసం దాని ఫోనైనా ఆయన పక్కన ఉంటోంది, నా గోడు అదైనా వింటోంది అని నవ్వుకునేదాన్ని కూడా, దీపం నూనె చిందుతుందని దాన్ని జాగ్రత్తగా ఎత్తి కిందో గుడ్డ పరిచి మళ్ళీ పెట్టేదాన్ని, కొంగుతో దుమ్ము తుడిచేదాన్ని, బస్సు ఆగిపోయింది, ముందు ఏదో స్కూటరు జారిపడినట్టుంది, ఒకమ్మాయి రోడ్డు మీద కూర్చుని మోచెయ్యి పట్టుకుంది, సంచిలో సామాను చెల్లాచెదురైంది, చుట్టూ నిలబడ్డవాళ్ళు చేతులెత్తి ఫోన్లు పట్టుకున్నారు, ఒకాయన మాత్రం వంగి ఆ సామాను ఏరుతున్నాడు, ఆ అమ్మాయి నొప్పి సంగతి వదిలేసి జారిన బట్ట మోకాళ్ళ మీదికి లాక్కుంటోంది, ఇలాంటివి ఎన్ని చూశాను, లోకం ఎటు పోతోందో అనుకుని కళ్ళు తిప్పుకునేదాన్ని, ఇవాళ కళ్ళు తిప్పుకోలేకపోయాను, పడ్డదాన్ని నేనే అయినట్టుంది.

మెట్లెక్కి వెళ్ళేసరికి అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, ఒళ్ళో లాప్‌టాపు, ఉద్యోగం పోయిందగ్గరనుంచి అంతే, కస్టమర్లకు చాటింగులో జవాబులు రాసే పని చేసేది, ఇప్పుడా జవాబులు యంత్రమే రాస్తోందట, మనిషి కంటే మర్యాదగా రాస్తుందట, ఎన్నిసార్లు తిట్టినా సారీ చెబుతుందట, అది చెప్పినప్పుడు నాకు దీనిమీద ఎంత జాలేసిందో, ఆ జాలి కూడా ఆయనకే చెప్పుకున్నాను, అది కూడా ఆ ఫోను వినే ఉంటుంది, చెప్పులు విడవకుండానే అడిగాను, నా గొంతు బస్సులోకి ఎలా వచ్చిందే అని, దాని ముఖంలో రంగు మారలేదు, విన్నావా, ఎక్కడ, ఎవరు చూస్తున్నారు అంది, కళ్ళు మెరుస్తున్నాయి, నీకు చెబుదామనే అనుకుంటున్నానమ్మా, కాస్త పెరిగాక సర్‌ప్రైజ్ చేద్దామని, నా వీడియోలు ఎవరూ చూడలేదు, నీవి చూడు ఎలా పోతున్నాయో, ముఖం ఎక్కడా చూపించలేదు కదా, ఉత్త గొంతేగా, దీపం బొమ్మ పెట్టాను అంది, గొంతు నాది కాదా అన్నాను, అబ్బా, నువ్వన్నీ అలాగే తీసుకుంటావ్, ఇదిగో చదువుతా విను, మా అమ్మ గుర్తొచ్చింది, వెంటనే ఫోన్ చేశానని ఒకడు రాశాడు, ఎవరో ఒకావిడ వింటూ ఏడ్చేసిందట, ఊరూ పేరూ తెలియని ఆవిడ, నా మాట విని ఏడ్చింది, ఆవిడ చల్లగా ఉండాలి, మరి నువ్వు విన్నావా అన్నాను, వినకపోవడమేంటి, ఎడిట్ చేసింది నేనేగా, చాలాసార్లు విన్నా అంది, నీ గురించి అన్నది కూడానా, ఆ, అది కూడా, విని ఏమనుకున్నావ్, ఏమనుకోవడమేంటమ్మా, అది కాస్త ఆలోచించి, సౌండు బాగా వచ్చింది అనుకున్నా అంది.

కొట్టినా బాగుండేది, దెబ్బకి బదులు ఏడుపైనా వస్తుంది, ఈ మాటకి ఏమీ రాలేదు, ఇన్నాళ్ళూ అది వినలేదనుకుని కదా నేను ఆయనకి చెప్పుకున్నది, వింటే మారుతుందనుకుని కదా, అది విన్నది, పదేపదే విన్నది, నా భయం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ గొంతు బొంగురుపోతుందో నాకంటే దానికే బాగా తెలుసు, వీణ ఎక్కడ పెంచాలో కూడా తెలుసు, తెలిసి లేచి వచ్చి నా పక్కన కూర్చోలేదు, నా ముఖం చూసి దానికి కంగారు పుట్టినట్టుంది, సరే తీసేస్తాలే అమ్మా, ఇదిగో నీ ముందే తీసేస్తున్నా, చూడు, పోయింది, ఇంకెప్పుడూ పెట్టను, ఫోను కూడా అక్కడ పెట్టను, సరేనా అంది, సరేనన్నాను, ఎప్పుడు తిన్నావో ఏమో, ఏదో ఒకటి చేసి పెడతాను అని కూడా అన్నాను, నోరు దానంతటదే అనేసింది, తల్లి నోరు కదా.

ముఖం కడుక్కుని వంటింటి తలుపు దగ్గరికి వేసి మూల కూర్చున్నాను, దీపం వెలిగించాను, ప్లగ్గు దగ్గర ఏమీ లేదు, నేను పరిచిన గుడ్డ మాత్రం ఉంది, చెప్పొద్దూ, ఆయన మీద కూడా కోపమొచ్చింది, నాకు తెలియకపోవచ్చు గానీ నీ కళ్ళెదురుగానే ఉందిగా అది, రోజూ చూస్తూ కూర్చున్నావుగా, ఒక్క గిన్నె కింద పడేసినా నాకు అర్థమయ్యేది, నువ్వూ దాని పక్షమేనా, లేకపోతే నువ్వు కూడా సౌండు బాగా వచ్చిందనుకున్నావా, అలా అడగొచ్చో లేదో, అడిగితే పాపమో, ఇన్నేళ్ళూ అన్నీ అడిగినదాన్ని ఇది అడగకుండా ఎలా ఉంటాను, ఇదీ గట్టిగానే అడిగేద్దామని నోరు తెరిచాను, తండ్రీ, కన్నబిడ్డే నా కన్నీళ్ళు ఊరందరికీ పంచిపెడితే నేనింక ఏ గుమ్మం ముందు నిలబడి ఏడవాలి అన్నాను, అని ఆగాను, మాట చాలా బాగా వచ్చింది, చివర గొంతు కాస్త దించాను కూడా, తర్వాత ఎవరో ఊపిరి తీసుకోవడానికన్నట్టు చిన్న ఖాళీ వదిలాను, ఏ గుమ్మం ముందు అనే మాట నా బతుకులో ఎప్పుడన్నాను, ఆయన దగ్గర నేనెప్పుడూ ముద్దగా, నత్తిగా, సగం మింగేసి మాట్లాడేదాన్ని, సరే వదిలేయ్, మోకాలు నొప్పిగా ఉంది తండ్రీ అన్నాను, అదొక్కటే అన్నాను, అందులోనూ ఏదో రాగం ఉంది, నేనే పెట్టాను, వినేవాళ్ళకి జాలి కలిగేటంత పెట్టాను, మూసిన తలుపు, ఖాళీ ప్లగ్గు, ఎవరూ లేరు, అమ్మాయి తీసేసింది, నిజంగానే తీసేసింది, ఆ మాట నమ్ముతున్నాను, అయినా నోరు తెరిస్తే నేను మాట్లాడుతున్నది వాళ్ళతోనే, బస్సులో, షాపులో, ఎక్కడెక్కడో తలలు వంచి వినేవాళ్ళతో, ఆయన ఎదురుగా కూర్చుని నేను ఆయనతో మాట్లాడటం లేదు.