కోత తప్పిన టాపు

నేను ఒక పాత కారుని. ఏ రకం కారువని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నే నా ప్రాణం మీదికి తెచ్చింది.

ఇంగ్లండులో నన్ను చేసినవాళ్లు డ్రాప్‌హెడ్ అన్నారు. అంటే రెండు తలుపులు, వెనక్కి మడిచే గుడ్డ టాపు. కొన్న జమీందారు కన్వర్టిబుల్ అన్నాడు. ఆయన తమ్ముడు కాబ్రియోలే అన్నాడు. మూడూ ఒకటే. తర్వాత కొన్న డాక్టరుగారికి జలుబంటే భయం. టాపు మీద రెక్సిను, లోపల గుడ్డ వేయించి మేకులు దిగ్గొట్టించాడు. అది మడత పడుతుందన్న సంగతి ఆయనతోనే పోయింది.

చివరికి విజయనగరంలో పెళ్లి ఊరేగింపులకు కార్లు తిప్పే అప్పలసూరి చేతికొచ్చాను. ఊరేగింపుకి టాపు లేని కారే కావాలి, లేకపోతే పెళ్లికూతురి నగలు వీధికి కనపడవు. అతని బావమరిది గౌరునాయుడు నన్ను సెడాన్ అన్నాడు. పక్క షెడ్డాయన సెలూన్ అన్నాడు. రెండూ టాపు కదలని కారు పేర్లేనని తెలియక పూటంతా పోట్లాడుకున్నారు. నేను ఆ రెండూ కానని ఎవరికీ తట్టలేదు. నా చెంపల మీద, టాపు మడవడానికి పెట్టిన ఇనుప బద్దలు చూసి అప్పలసూరి మాత్రం కాస్త అనుమానపడ్డాడు.

"అవి ఉత్తి సోకు బావా. టాపు కదల్దు. కోయించీ" అన్నాడు గౌరునాయుడు.

ఇనుము కోసే మిషను రానే వచ్చింది. నాకు ఇంజను ఆయిలు చల్లబడిపోయింది.

అప్పలసూరి తల్లి పైడమ్మకి నాకంటే ఎక్కువ భయం. నిప్పురవ్వ పడితే గుడ్డ అంటుకుంటుంది, పెట్రోలు పేలుతుంది, కొంప కాలుతుంది, అసలే కోడలు కడుపుతో ఉంది అని వరసపెట్టి, ముందు ఆ గుడ్డ పీకేదాకా మిషను ముట్టుకోవద్దంది. తనే లోపలికెక్కి పరపరా చించేసింది. లోపల కర్ర బద్దలు, వాటికి కీళ్లు, ముందద్దం పైన గొళ్లెం.

"ఇదేటిరా సూరీ, దీనికి మోచేతులున్నాయి?"

మేకులు ఊడదీసి, గొళ్లెం తప్పించి తోశారు. మూలుగుతూ వెనక్కి ముడుచుకున్నాను. డాక్టరుగారి కాలంనాటి దుమ్మంతా గౌరునాయుడి నెత్తిన పోశాను. కావాలనే.

"నానప్పుడే అనుకున్నాను, కన్వర్టిబులని" అన్నాడతను దులుపుకుంటూ.

పైడమ్మకి కొత్త భయం పుట్టింది. "మరి వానొస్తే మళ్లీ లేస్తాదా?"

"ఎందుకు లేవదత్తా" అన్నాడు గౌరునాయుడు.

రేపే మొదటి పెళ్లి. శ్రావణమాసం, మబ్బు కమ్ముకొస్తోంది. నా కీళ్లు లేస్తాయో లేదో నాకే తెలియదు. గౌరునాయుడు ముందు సీట్లో కూర్చుంటాడట. పెళ్లికూతురి పట్టుచీర తడిస్తే అతను నాకు ఏం పేరు పెడతాడో, ఆ పెళ్లివారు అతనికేం పేరు పెడతారో వినాలని ఉంది.