ఒప్పా అంటే ఏ వరస?

సూళ్లూరుపేటలో పంకజాక్షి నోటికి జడవనివాళ్ళు లేరు. అలాంటి ఆవిడ నోరే ఆ రోజు పైవాటా సంసారం కొంప ముంచబోయింది.

పైవాటాలో కొరియా వాళ్ళుంటారు. పార్క్ అనే ఆయన ఊరి పక్క పారిశ్రామికవాడలో బ్యాటరీల ఇంజనీరు. ఆ పనిలో అతనికి సాటివచ్చేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని కంపెనీ ఏరికోరి పిలిపించుకుంది. భార్య యూన్‌జీ, కూతురు హానా కొద్ది నెలల వీసా మీద వచ్చారు. హానా మేడ దిగడం అలవాటైనప్పటి నుంచి పంకజాక్షి వంటింట్లోనే మకాం. రాగిసంగటిలోకి ఊరుబిండి పచ్చడి నంజుకుంటుంది. ఆవిడ ఇంటాయన మునికృష్ణ పిలిచినట్టే తనూ "ఏమే పంకజా!" అని పిలుస్తుంది. బిడ్డల్లేని ఆ ఇంట్లో ఆ పిలుపు ఎంత తియ్యగా ఉండేదో పంకజాక్షికే తెలుసు.

పార్క్ ఉద్యోగం ఉన్నన్నాళ్ళు తల్లీబిడ్డలు ఇక్కడే ఉండేలా దీర్ఘకాలిక వీసాకు పెట్టుకున్నారు. అది రాకపోతే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. బడివాళ్ళు కూడా వీసా వచ్చాకే హానాకు సీటన్నారు.

విచారణకు ఏఎస్సై గిరిప్రసాద్ వచ్చాడు. మంచివాడే గానీ అనుమానం మాత్రం పుట్టుకతో వచ్చింది. కాగితాలు తిరగేసి పెదవి విరిచాడు.

"ఇదేందక్కా, మొగుడి ఇంటిపేరు పార్క్, ఈమెది చోయ్! పెండ్లయినాక మారల్ల గదా?"

"వాళ్ళ దేశంలో ఆడోళ్ళు పుట్టింటి పేరు ఇడిసిపెట్టరంట సార్. మనమే పిచ్చోళ్ళం."

"పెండ్లి సర్టిఫికెట్ ఉండాదిలే. అయినా ఇంటి ఓనరు మీరు సెప్పల్ల. నిజంగా మొగుడూ పెండ్లాల మాదిరే ఉండారా?"

"ఎంత మాట! పొద్దన లేస్తే ఒప్పా, ఒప్పా అంటా ఆయప్ప ఎనకాలే తిరుగుతాది."

"ఒప్పా అంటే?"

హానా నేర్పిన కొరియా మాటలన్నీ తనకు కంఠతా వచ్చని పంకజాక్షికి మహా గొప్ప. "అన్నా అని సార్!" అనేసింది.

గిరిప్రసాద్ పెన్ను ఆగిపోయింది. "అన్నా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఎదురుగా కూర్చున్న యూన్‌జీకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పోలీసాయన ముఖం చూసి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. పంకజాక్షి గబగబా సర్దబోయింది.

"అది ముద్దుమాట సార్. నేను మా ఆయన్ని మామా అంటా. ఆయప్పది పలమనేరు, మాది శ్రీకాళహస్తి. తాళి కట్టేదాకా మొగమే ఎరగను. ఆయన నాకు మేనమామా?"

"మామ అంటే వరసైనోడు గదక్కా. అన్నను కట్టుకునేది యాడన్నా ఉండాదా?"

అతని మాటా అబద్ధం కాదు. మన దగ్గర మామ, బావ అంటే మొగుడు కాదగ్గ వరస. అన్న అంటే చెల్లెలికి చీరె పెట్టే వరస. బుద్ధి తెలిశాక ఆవిడకు జవాబు దొరకకపోవడం ఇదే మొదలు.

"ఈ ముక్క రాయకుంటే నా ఉద్యోగం పోతాదక్కా," అంటూ గిరిప్రసాద్ కాగితం ముందుకు లాక్కున్నాడు. అంతలో అతని ఫోను మోగింది.

"ఆ, సెప్పమ్మా... లేదమ్మా, సూళ్లూరుపేటలో ఉండా. అన్నానికి వచ్చేస్తాలేమ్మా."

"ఎవురు సార్, మీ అమ్మగారా?" నీరసంగా అడిగింది పంకజాక్షి.

"కాదక్కా. మా ఇంటామె."

పంకజాక్షి లేచి నిలబడింది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది, నోరూ వచ్చింది.

"ఇంటామెనా! మరి అమ్మా అమ్మా అంటిరే, అమ్మ ఏ వరస సార్? వచ్చినకాణ్ణించి నన్ను అక్కా అంటాండారు. నేనేమన్నా మీ తోడబుట్టినానా? పెండ్లాన్ని అమ్మా అన్నంతమాత్రాన మీరు మొగుడు కాకుండా పోలేదు గదా! మొగుణ్ణి అన్నా అంటే ఈ పిల్ల పెండ్లాం కాకుండా పోతాదా? రాస్తే రెండూ రాయండి!"

గిరిప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. ఆఖరికి నవ్వు ఆపుకోలేక, "నీకు దణ్ణం పెడతానక్కా," అంటూ రాసి, రాసింది పైకి చదివాడు: "భార్యాభర్తలే. కాపురం నిజమే."

బడులు తెరిచే వారానికి వీసా వచ్చింది. యూన్‌జీ ఫోను పట్టుకుని మెట్లు దూకుతూ దిగింది. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరాడవాళ్ళూ వాకిట్లో కావలించుకుని గెంతారు. "మేము పోము! మేము పోము!" అని హానా వీధి దద్దరిల్లేలా కేకలు పెట్టింది. పంకజాక్షి పట్టరాని సంతోషంతో ఏడ్చేసింది, కనబడ్డవాళ్ళందరికీ అడక్కుండానే సంగతి చెప్పింది.

మర్నాడు బడికి వెళ్ళారు. పార్క్, యూన్‌జీ వెనక, హానా చెయ్యి పట్టుకుని పంకజాక్షి ముందు. తెలుగులో మాట్లాడేది ఆవిడే కాబట్టి గుమస్తా ఆవిడనే అడిగాడు.

"మీరు ఈ పాపకు ఏమవుతారమ్మా?"

"ఈ పిల్లకు నేను అవ్వ," అంది పంకజాక్షి.

గుమస్తా హానా ముఖం చూశాడు, పంకజాక్షి ముఖం చూశాడు, ఏదో అడగబోయాడు. ఆవిడ చూపు చూసి మానుకుని, మారుమాట్లాడకుండా అలాగే రాసుకున్నాడు.