ఫోర్‌మన్ మెత్తబడ్డాక

ఆ ప్రెస్సులో ఫోర్‌మన్ అసలు పేరు హాజరు పట్టీకే తెలుసు. మిగతా అందరికీ ఆయన ‘ఉరుము’. ఆయన మెట్లెక్కుతున్నాడంటే యంత్రాలు కూడా కాస్త గొంతు తగ్గించుకున్నట్టుండేది.

“ప్రభువా, ఈయన నోరు మార్చు” అని భార్య ఇరవై ఏళ్లుగా మోకరించి అడుగుతూనే ఉంది. ఒక ఆదివారం, ప్రార్థన మందిరంలో మైకు గోల ఎక్కువైందని, పాస్టరుగారిని కడిగేద్దామని ఉరుము బయల్దేరాడు. ఆరాధన ముగిసేదాకా ఆగక తప్పలేదు. వెనక బల్ల మీద కూర్చుని, మేకులు కొట్టినవాళ్లనే క్షమించమని సిలువ మీద నుంచి అడిగిన ఆ మనిషి సంగతి మొత్తం విన్నాడు. లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. మైకు మాట గుర్తే లేదు.

సోమవారం పొద్దున, “తమ్ముడూ, సిరా కాస్త తగ్గిస్తావా?” అన్నాడు. మిషన్‌మన్ చేతిలో గుడ్డ జారిపోయింది. మధ్యాహ్నానికల్లా ప్రెస్సు మూసేస్తున్నారని పుకారు పుట్టింది. బైండింగు అక్కయితే, “డాక్టరు ఎన్నాళ్లన్నాడో పాపం!” అని ముక్కు చీదింది.

ఉరుము నేరుగా యజమాని గదిలోకి వెళ్లాడు. పదకొండేళ్ల కిందట ఒక పాఠ్యపుస్తకంలో ప్రతి పేజీకీ చివరి వరుస తెగిపోయింది. నింద కాగితాలు కోసే బక్కాయన మీద పడింది. అప్పట్నుంచీ ఆయన మూలన కూర్చుని కట్టలు కడుతున్నాడు.

“కొలత తప్పు చెప్పింది నేనండి. ఆయన తప్పేం లేదు.”

“ఇప్పుడెందుకయ్యా ఇదంతా?”

“ఇక మోయలేనండి.”

యజమానికి ఉన్నట్టుండి న్యాయం మీద మక్కువ పుట్టుకొచ్చింది. మూడో రోజుకల్లా బక్కాయన ఫోర్‌మన్ అయ్యాడు. ఉరుము కట్టల బల్ల దగ్గరికి చేరాడు.

“నోరు మార్చమన్నాను గానీ ఉద్యోగం మార్చమన్నానా?” అని భార్య ఆ సాయంత్రం ప్రార్థనలోనే దేవుణ్ణి నిలదీసింది.

పదకొండేళ్లు మూసుకున్న నోరు బక్కాయనది. తెరిచాడు. ముడి వదులైతే ఒక తిట్టు, బిగుసుకుంటే రెండు. కోపం తనను వదిలిపోయిందనే అనుకున్నాడు ఉరుము. ఎక్కడికీ పోలేదు, రోజూ గొంతుదాకా వచ్చి నిలబడేది.

“పొరపాటేనన్నా, మళ్లీ కడతాను” అనేవాడు.

ఔనని ఒప్పుకునేవాణ్ణి తిట్టడం ఎంత కష్టమో బక్కాయనకు తెలిసొచ్చింది. ఒకరోజు తిడుతూ తిడుతూ మధ్యలో ఆగి, బల్లకు అవతల కూలబడ్డాడు.

“ఏం మనిషివయ్యా! నీ కోసం ఇన్నేళ్లు దాచుకున్న తిట్లు నాలుగు రోజుల్లో చప్పబడిపోయాయి. ఒక్కసారైనా ఎదురు చెప్పొచ్చుగా?”

“నోటిదాకా వస్తున్నాయన్నా. మింగుతున్నా.”

బక్కాయన నవ్వాపుకోలేకపోయాడు. అంతలోనే ముఖం గంభీరంగా పెట్టుకుని దారపుండ లాక్కున్నాడు.

“ఆ కొస పట్టుకో” అన్నాడు.

ఇద్దరూ కలిసి కట్ట బిగించారు.