ఎత్తురోడ్డు మీద మూడో గేరు

ఇరవై రెండేళ్లుగా ఆమె పద్నాలుగో నంబరు బస్సు నడుపుతోంది. స్టేషను దగ్గర బయల్దేరి, మార్కెట్టు చుట్టి, ఎత్తుమీద ఉన్న పెద్దాసుపత్రి ముందు ఆగే రూటు అది. డిపోలో అందరూ ఆమెను ఊయలమ్మ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె బస్సెక్కే దర్జీ ఒకాయన దారి పొడుగునా చొక్కాలకు గుండీలు కుట్టుకునేవాడు. వేలికి సూది గుచ్చుకున్నది ఒకే ఒక్కసారి, అదీ దిగాల్సిన స్టాపు దాటిపోయిందని ఉలిక్కిపడినప్పుడేనని నలుగురికీ చెప్పుకునేవాడు.

డిపో వర్క్‌షాపులో ఫోర్‌మన్ ఆమె తమ్ముడే. తల్లి పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు, ఆమెకు పంతొమ్మిది. తల దువ్వడం దగ్గర్నుంచి లెక్కలు చెప్పడం దాకా అన్నీ తనే చూసుకుంది. ఇంజన్ల మీద అతని మోజు చూసి ఈ డిపోలోనే పనిలో చేర్పించింది. అక్క బస్సు వర్క్‌షాపుకొస్తే అతను చేతిలో పని పక్కన పెట్టేసేవాడు. ఆమె కూడా, తమ్ముడు సరే అన్న బండిని మళ్లీ ఒకసారి చూసుకునేది కాదు.

రెండేళ్ల కిందట ఆటోమేటిక్ గేర్ల బస్సులొచ్చాయి. క్లచ్చు లేదు, మార్చే పని లేదు. ఏ గేరు ఎప్పుడు పడాలో లోపలున్న కంప్యూటరే చూసుకుంటుంది. మొదట్లో ఆమెకు చేతులు కట్టేసినట్టుండేది. నెల తిరక్కుండానే దాని గుట్టు చెవికి చిక్కింది. ఇంజను గొంతు మారే అర క్షణం ముందు పాదం కాస్త తేలిక చేసేది. గేరు మారిన సంగతి బస్సులో ఎవరికీ తెలిసేది కాదు.

ఒక సోమవారం బండి మారిపోయింది. మందుల దుకాణం మలుపు దాటి ఎత్తెక్కుతుంటే, ఇంకా వేగం అందుకోకుండానే పైగేరు పడిపోయింది. ఇంజను మూట మోస్తున్నట్టు మూలిగింది. ఆమె పెడలు ఇంకాస్త నొక్కింది. చలనం లేదు. మరికొంచెం నొక్కేసరికి గేరు ఒక్కసారిగా కిందికి, మూడులోకి దూకి, బస్సు ముందుకు విసిరింది. కాలు తేలిక చేయగానే మళ్లీ పైకి. ఆసుపత్రి చేరేలోగా ఇలా నాలుగుసార్లు. నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు తూలారు. దర్జీ గుండీలన్నీ సంచిలో పెట్టేసుకున్నాడు.

సాయంత్రం ఆమె తమ్ముడికి చెప్పింది. అతను బండిని డిపో చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చాడు.

“బండిలో ఏం లేదక్కా. నీ కాలే కొంచెం బరువుగా పడుతున్నట్టుంది.”

ఎంత మెత్తగా అన్నాడంటే, ఆమె దాన్ని తప్పుపట్టడం అనుకోలేదు, తన మీద బెంగ అనుకుంది. పైగా ఆ నెల డీజిల్ పట్టికలో ఇంకో రెండు బస్సుల వాడకం తగ్గితే, ఆమె బస్సుది పెరిగింది. కాలిదే తప్పన్న మాటకు అదొక సాక్ష్యమైంది. తమ్ముడు సెలవు పెట్టి మరీ ఆమెను మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. బయట బెంచీ మీద ఆమె చెప్పులు పట్టుకుని కూర్చున్నాడు. వయసుకు తగ్గ అరుగుదల తప్ప ఏమీ లేదని డాక్టరు అంటే, ఆమె ఇంటికొచ్చి బరువు చూసుకునే మిషను కుర్చీ ముందు పెట్టుకుంది. ముల్లు ఒకే గీత మీద నిలిచేలా కుడికాలితో నొక్కడం రోజూ సాధన చేసింది. ముల్లు కదిలేది కాదు. అయినా బస్సు విసురుతూనే ఉంది. తన కాలిని తానే నమ్మలేని స్థితికి వచ్చింది.

మూడు వారాల తర్వాత, అదే మలుపులో, కుదుపులుండవని ఎప్పుడూ ఆమె బస్సే ఎక్కే, రిటైరైన సంగీతం టీచరుగారు దిగడానికి లేచి నిలబడ్డారు. గేరు మూడులోకి దూకింది. ఆవిడ ముందు సీటు కమ్మీకి కొట్టుకుని పడ్డారు. మణికట్టు విరిగింది. నొప్పితో కళ్లు మూసుకునే, “నువ్వు కూడానా అమ్మాయ్,” అన్నారు. ఆ మాటకు ఊయలమ్మకు తల కొట్టేసినట్టయింది.

విచారణలో డిపో మేనేజరు ఫోర్‌మన్ నివేదిక చదివాడు. బండిలో లోపం లేదు, పెడలు మీద డ్రైవరుకు పట్టు తప్పుతోంది అని ఉంది. కింద తమ్ముడి సంతకం. ఆమె నిజమేననుకుని తనూ సంతకం చేసింది. మర్నాటి నుంచి ఆమెను పాసులిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

కొన్నాళ్లకు, ఆసుపత్రికి కట్టు మార్పించుకోవడానికొచ్చే టీచరుగారిని కలుద్దామని ఆమె పద్నాలుగో నంబరే ఎక్కింది. కొత్తగా ఆ బస్సు తీసుకున్న డ్రైవరును అందరూ కళ్లజోడు అంటారు. ఆమె సరిగ్గా అతని వెనక సీట్లో కూర్చుంది. మందుల దుకాణం మలుపు వచ్చింది. ఆమె చూపు అతని కాలి మీదే ఉంది. పాదం వెంట్రుకవాసి కదల్లేదు. బస్సు మాత్రం అదే మూలుగు మూలిగి, అదే విసురు విసిరింది.

ఆసుపత్రి ముందు అందరూ దిగాక అడిగింది. “నువ్వు కాలు కదపలేదు కదా?”

“కదిపితే ఇంకా కొడుతుందమ్మా. డీజిల్ మిగలాలని పైగేర్లు ముందే పడేట్టు మార్చారుగా. ఎత్తు మీద కాలు కదపొద్దని మీ తమ్ముడుగారే చెప్పి బండి అప్పజెప్పారు.” అని, ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. “మీకు చెప్పలేదా?”

ఆమె టీచరుగారిని కలవకుండానే అదే బస్సులో తిరిగొచ్చింది.

తమ్ముడు వర్క్‌షాపులో ఒంటరిగా ఏదో చక్రం విప్పుతున్నాడు. ఆమె అడిగింది. అతను అంతా చెప్పాడు. మూడు బస్సుల్లో గేర్లు తొందరగా మారేట్టు పెట్టి చూడమని పైఆఫీసు అడిగింది. చదును రోడ్ల మీద ఇంజను నెమ్మదిగా తిరిగి, నూటికి ఏడు లీటర్లు మిగిలాయి. ఎత్తు మీద మాత్రం ఆ గేరుకు బలం చాలదు, డ్రైవరు ఎక్కువ నొక్కాల్సిందే, డీజిల్ ఎక్కువ తాగాల్సిందే. మొదటి వారంలోనే అతనికి అర్థమైంది. ఆ మాట బయటపెడితే పథకం పాడైన అపవాదు అతని మీదే పడుతుంది. తనకు రాబోతున్న చీఫ్ ఇంజనీరు కుర్చీ ఇంకొకరికి పోతుంది.

“నీకింకా ఏడాదే సర్వీసక్కా. ఒక మాట పడ్డా నీకు పోయేదేం లేదు. నాకిప్పుడే మొదలవుతోంది.”

“డాక్టరు దగ్గరికెందుకు తీసుకెళ్లావురా?”

అతను స్పానరు గుడ్డతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

“నువ్వు నమ్మాలిగా,” అన్నాడు.

ఆమె అక్కడ ఏడవలేదు. ఇంటికెళ్లి, బరువు మిషనుకు కాలు తగిలితే దాన్ని మంచం కిందికి తోసి, నేల మీద కూర్చుని ఏడ్చింది. టీచరుగారి చేయి విరిగినందుకూ కాదు, కిటికీ దగ్గర కూర్చున్నందుకూ కాదు. తన చెప్పులు పట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఆ మనిషి ఎవరో తనకు తెలియదని.

మర్నాడు మేనేజరుకు కాగితం రాసిచ్చింది. ఇంటి గొడవ డిపోలోకి తేవద్దని ఆయన విసుక్కున్నాడు. ఆమె కదల్లేదు. పాత అమరికతో ఒకసారి, కొత్త అమరికతో ఒకసారి తనే నడుపుతానంది. టీచరుగారు కట్టుకట్టిన చేత్తోనే వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. మేనేజరు కమ్మీ పట్టుకోకుండా మధ్యలో నిలబడ్డాడు. మొదటిసారి మలుపు దాటి ఆసుపత్రి దాకా అలాగే నిలబడ్డాడు. రెండోసారి మలుపులోనే టీచరుగారి ఒళ్లో పడబోయాడు.

నివేదిక మారింది. ఎత్తురూటు బస్సుకు పాత అమరిక పెట్టారు, చదును రూట్లకు కొత్తదే ఉంచారు. టీచరుగారికి మేనేజరు స్వయంగా క్షమాపణ చెప్పాడు. తమ్ముడికి చీఫ్ కుర్చీ రాలేదు, వేరే డిపోకు బదిలీ అయింది. మరదలు ఫోన్ చేసి, పెంచిన చేత్తోనే కూల్చారని అంది. ఆమె విని పెట్టేసింది.

మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్న మొదటి వారమంతా, మలుపు వస్తోందంటే ఆమె పాదం తడబడేది. ఇరవై రెండేళ్లు ఆలోచించకుండా చేసిన పనిని ఇప్పుడు ఆలోచించి చేయాల్సి వచ్చింది. ఎక్కేవాళ్లకు ఆ తేడా తెలియలేదు. ఆమెకు తెలిసింది.

బదిలీ మీద వెళ్లే రోజు తమ్ముడు స్టేషను దగ్గర బస్సెక్కాడు. డ్రైవరు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడి, “అక్కా,” అన్నాడు.

“వెనక సీట్లు ఖాళీగా ఉన్నాయి,” అందామె. తలుపు మూసి బండి కదిలించింది.

అతను వెళ్లి కూర్చున్నాడు. ఆసుపత్రి దాకా వచ్చి, అందరితోపాటు వెనక తలుపు నుంచి దిగిపోయాడు.